బెటీ టీచర్ యాస

"ఫిష్ బో," అంది హ్వేయ్.

"బో కాదమ్మా, బాల్," అంది బేబీరాణి.

"బో."

"బాల్."

"బో," అని హ్వేయ్ తన తలమీద తనే ఒక్కటి కొట్టుకుంది.

కంప్యూటర్ తెరమీద ముగ్గురున్నారు. హ్వేయ్‌కి ఏభై దాటాయి. ఎర్ర ఏప్రన్ విప్పకుండానే క్లాసుకి కూర్చుంటుంది. తైవాన్‌లో కీలుంగ్ అనే రేవుపట్నంలో ఆమెకు చేప ఉండల కొట్టు ఉంది. చేప కండ దంచి, ఉండలు చుట్టి, మరుగుతున్న పులుసులో వేసి గిన్నెల్లో పోసి ఇస్తుంది. ఆమె పక్క గడిలో లిన్ గారు, రిటైరైన బస్సు డ్రైవరు. ఏ ప్రశ్న అడిగినా ముందు తమ ఊళ్ళో వాన పడుతున్నదో లేదో చెప్పి గానీ జవాబు చెప్పడు. మూడో గడిలో మేయ్‌ఫాంగ్, ఆసుపత్రిలో నర్సు. ఇంట్లో చైనీస్ తప్ప మరో మాట ఎరగని ఈ ముగ్గురికీ పోర్ట్ బ్లెయిర్ జంగ్లీఘాట్‌లోని రెండు గదుల ఇంట్లోంచి బేబీరాణి ఇంగ్లీషు నేర్పుతోంది. ఇక్కడ సాయంత్రం నాలుగున్నర అయితే అక్కడ ఏడు.

అది జంగ్లీఘాట్ అన్న సంగతి మాత్రం వాళ్ళకు తెలియదు. కంపెనీ ఆమెకు బెటీ అని పేరు పెట్టింది. ఊరు ఏదని అడిగితే "సముద్రం పక్కన" అని నవ్వి ఊరుకోమంది. పుస్తకాల బీరువా, దాని పక్కన పూల కుండీ అచ్చు వేసిన పెద్ద గుడ్డ ఒకటి పంపి, కుర్చీ వెనక కట్టుకోమంది. బేబీరాణి దాన్ని వెనక వరండాలోకి వెళ్ళే గుమ్మానికి అడ్డంగా తాడుమీద వేలాడేసి, నాలుగు బట్టల క్లిప్పులు పెట్టింది.

"టీచర్," అన్నాడు లిన్ గారు, "టుడే రెయిన్. హ్వేయ్ వెరీ శాడ్. సండే, బిగ్ షిప్ కమ్."

ఆ బెంగ బేబీరాణికీ ఉంది. ఆదివారం కీలుంగ్ రేవుకు పెద్ద ప్రయాణికుల ఓడ వస్తుంది. దిగేవాళ్ళందరూ ఇంగ్లీషు మాట్లాడే విదేశీయులు. కిందటిసారి ఓడ వచ్చినప్పుడు హ్వేయ్ కొట్టు ముందు పదిమంది నిలబడి ఇదేమిటని అడిగారట. ఫిష్ బో, ఫిష్ బో అని ఆమె గొంతు పోయేలా చెప్పిందట. ఒకాయన మెడకు కట్టుకునే బో టై చూపించి నవ్వాడు. మిగతావాళ్ళు మర్యాదగా తలలూపి పక్క కొట్టుకు వెళ్ళిపోయారు. ఆ రోజు నుంచీ హ్వేయ్ ఆ రెండు మాటలూ అనాల్సి వచ్చినప్పుడల్లా కళ్ళు గట్టిగా మూసుకుంటుంది.

బేబీరాణి కుర్చీ ముందుకు లాక్కుంది. హ్వేయ్ నోటినే చూస్తోంది. నాలుక పైకి లేవడం లేదు. దాని బదులు పెదాలు గుండ్రంగా చుట్టుకుపోతున్నాయి. చివర 'ల్' అంటే ఆ నోటికి పడదు. కానీ అదే 'ల' మాట మొదట్లో వస్తే ఇబ్బందే లేదు. లిన్ గారి పేరు లిన్ గారే చక్కగా చెప్పుకుంటాడు.

తెలుగు నోటి తంటా మరొకటి. మాట చివర అచ్చు తగిలించకపోతే మనకు తోచదు. బస్సు, బుక్కు, బాలు. పదో తరగతిలో ఉండగా ఆ చివరి 'ఉ' వదిలించుకోవడానికి బేబీరాణి జెట్టీమీద ఒక్కతే కూర్చుని సముద్రానికి పాఠాలు అప్పజెప్పేది. ఆ సంగతి తలుచుకునేసరికి ఆమెకు నవ్వొచ్చింది, దాంతోపాటే ఉపాయమూ తట్టింది.

"హ్వేయ్, బాల్ వద్దు. బాలు అనండి. బా... లు."

"బా, లు," అంది హ్వేయ్ తేలిగ్గా.

"మళ్ళీ. బాలు."

"బాలు."

"ఇప్పుడు నా చెయ్యి చూడండి." బేబీరాణి అరచెయ్యి తెరిచి పట్టుకుంది. "బా అన్నప్పుడు తెరిచి ఉంటుంది. లు అనబోతారు. ఇదుగో, ఇక్కడ తలుపు వేసేస్తాను." గుప్పిట టక్కున మూసింది. "నాలుకను పైనే ఉంచెయ్యండి. కిందకు రానివ్వకండి. అగైన్."

"బాలు."

"అగైన్."

"బాల్...ఉ."

"అగైన్."

"బాల్."

హ్వేయ్ కళ్ళు తెరిచింది. తాను విన్నది తన గొంతేనా అన్నట్టు అటూ ఇటూ చూసింది. "బాల్! ఫిష్ బాల్! ఫిష్ బాల్!" లిన్ గారు రెండు చేతులూ పైకెత్తి చప్పట్లు కొట్టాడు. మేయ్‌ఫాంగ్ తన అద్దాలు తీసి తుడుచుకుంది.

సరిగ్గా అప్పుడే సముద్రం మీంచి ఒక గాలి తెర వచ్చింది. అక్టోబరు వాన ముందు వచ్చే గాలి అది, దేన్నీ అడిగి రాదు. వెనక రెండు క్లిప్పులు ఎగిరిపోయాయి. పుస్తకాల బీరువా, పూల కుండీ, అన్నీ కలిసి బేబీరాణి నెత్తిమీంచి జారి నేలమీద పడ్డాయి.

వెనక వరండాలో, కత్తిపీట ముందు గొంతుక్కూర్చుని, ఆమె తల్లి కామమ్మ మోచెయ్యంత కోనాం చేపను కోస్తోంది. హాడోలో ఒక లాడ్జీవాళ్ళు రాత్రి వంటకు చెప్పిన చేప అది. బయట జల్లు వచ్చేలా ఉందని వరండాలోకి జరిగింది.

తెరమీద ముగ్గురూ కొయ్యబారిపోయారు.

"టీచర్," అన్నాడు లిన్ గారు ఎంతో మర్యాదగా, "యువర్ బుక్స్ ఫాల్ డౌన్."

బేబీరాణి గుడ్డ అందుకోబోయింది. అంతలో హ్వేయ్ కుర్చీలోంచి లేచి నిలబడి చైనీస్‌లో ఏదో గట్టిగా అరిచింది. తర్వాత వేలు చూపిస్తూ, "దట్ ఫిష్! ఐ నో దట్ ఫిష్! మై మదర్ ఫ్రై దట్ ఫిష్! వెరీ గుడ్ ఫిష్! హూ ఈజ్ షీ? వై షీ సిట్? వై నైఫ్ నో మూవ్?"

రెండు నెలలుగా రెండు మాటలకు మించి మాట్లాడని మనిషి ఒక్క గుక్కలో అన్ని మాటలనేసరికి బేబీరాణి గుడ్డ అందుకోవడం మానేసింది.

"ఏటే బేబీ, ఎవుల్లే ఆ మనిసి? నన్ను సూపించి అరుత్తంది?" అంది కామమ్మ కత్తిపీట మీంచి తలెత్తి.

"నా స్టూడెంటమ్మా. తైవాన్. ఆమె కూడా చేపలామే. కత్తి కదలడం లేదేంటి అనడుగుతోంది."

"కత్తెందుకు కదుల్తాది? సేపే కదుల్తాది. సూడమను." కామమ్మ కత్తిపీటతో సహా గుమ్మం దాకా జరిగింది. కుడికాలితో పీటను తొక్కిపట్టి, రెండు చేతులా చేపను పట్టుకుని, నిలబడి ఉన్న కత్తిమీదికి నెట్టింది. పచ్చి కొబ్బరి తరిగినట్టు ముక్క తెగి పడింది. అన్నీ ఒకే మందం.

"నైఫ్ స్టాండ్!" అంది హ్వేయ్. "ఫిష్ వాక్!"

అందరూ ఒకేసారి నవ్వారు. హ్వేయ్ పరుగెత్తి వెళ్ళి తన వెడల్పాటి కత్తి తెచ్చి చూపించింది. అది చూసి కామమ్మ మూతి విరిచింది. "అంత కత్తి సేపకెందుకే, మేకకి గానీ? పూఛ్, పూఛ్, ముల్లెలా తీస్తాదో పూఛ్." బేబీరాణి అడిగింది. హ్వేయ్ చెప్పింది. కామమ్మ ఒప్పుకోలేదు. ఆమె మాటను బేబీరాణి ఇంగ్లీషులో చెబితే హ్వేయ్ ఒప్పుకోలేదు. మేయ్‌ఫాంగ్ మధ్యవర్తిత్వం చేసింది. లిన్ గారు తన భార్య కూడా ఆ చేపను అల్లం వేసి వండుతాడని చెప్పాడు.

"వండుతుంది. మీ భార్య కదా. షీ," అంది బేబీరాణి.

"షీ," అన్నాడు లిన్ గారు. "సారీ. చైనీస్ సేమ్ సౌండ్."

"హిందీలో కూడా అంతే. వో వచ్చాడు, వో వచ్చింది. మా అమ్మ ఇప్పటికీ బజార్లో ఆడవాళ్ళు వచ్చినా హిందీలో 'ఆయా', అంటే వచ్చాడు, అనేస్తుంది. మీరొక్కరే కాదు." గుడ్డ కిందనే ఉంది. ఆ సంగతి ఎవరికీ గుర్తులేదు. పుస్తకంలో ఆనాటి పాఠం 'ఎయిర్‌పోర్టులో'. దాని పేజీ కూడా తెరవలేదు. బయట పూర్తిగా చీకటి పడి క్లాసు అయిపోయాక కూడా హ్వేయ్ ఇంకా తోక ముక్కను ఏం చెయ్యాలో చెబుతూనే ఉంది.

*

మరునాడు పొద్దున కలకత్తా ఆఫీసు నుంచి వీరేంద్ర ఫోన్ చేశాడు. టీచర్ల మీద సూపర్‌వైజరు అతను. హిందీలో మొదలుపెడతాడు, చెడ్డ కబురు చెప్పేముందు ఇంగ్లీషులోకి దిగుతాడు.

"దేఖియే బెటీజీ," అన్నాడు. "క్లాసులు తనిఖీ చేసే క్వాలిటీ వాళ్ళు నిన్నటి రికార్డింగ్ విన్నారు."

"గుడ్డ పడిపోయింది సార్. గాలి వచ్చింది."

"గుడ్డ సంగతి సరే. చేప సంగతీ సరే. అది కాదు. మీరు స్టూడెంట్ చేత 'బాలు' అనిపించారు. నాలుగుసార్లు. దిస్ ఈజ్ మదర్ టంగ్ ఇన్‌ఫ్లుయెన్స్. వెరీ సీరియస్."

బేబీరాణి ఫోన్ మరో చెవికి మార్చుకుంది. "సార్, ఆ తర్వాత ఒక్క నిమిషం విన్నారా? ఆమె బాల్ అంది. రెండు నెలల్లో మొదటిసారి."

"వాళ్ళు శాంపిల్ వింటారు. మొత్తం వినరు."

"ఒక్క నిమిషం సార్."

"బెటీజీ, నా చేతిలో లేదు. మీ క్లాసు ఈ రోజు నుంచి డగ్లస్ గారికిచ్చారు. కెనడా ఆయన. మీరు హోంవర్క్ దిద్దండి. కెమెరా ఉండదు, గొంతు ఉండదు, హాయిగా ఉంటుంది." ఫోన్ పెట్టబోతూ, "యు ఆర్ ఎ గుడ్ టీచర్. ఓన్లీ యాక్సెంట్," అన్నాడు.

ఫోన్ పెట్టేశాక ఆమె గుమ్మంలో నిలబడింది. తాడుకు మిగిలిన రెండు క్లిప్పులు వేలాడుతున్నాయి. గుడ్డ కనబడలేదు.

కామమ్మ మధ్యాహ్నం బజారు నుంచి వచ్చింది. తట్ట దించి, చీర కుచ్చెళ్ళు పిండుకుంటూ కూతురి మొహం చూసింది.

"ఏటయింది?"

"క్లాసు తీసేశారు."

"సేప వల్లా?"

"చేప వల్ల కాదమ్మా. నా యాస బాగోలేదంట."

"యాసంటే ఏటి?"

"నీ దగ్గర్నుంచి వచ్చిందే."

కామమ్మ నడుముమీద చేతులు పెట్టుకుంది. "అయితే నానే మాటాడతాను. ఆడి నెంబరియ్యి. నలభయ్యేళ్ళ బట్టి బెంగాలోడికి, తమిళోడికి, నికోబారోడికి, నేవీ సాబుకి ఈ నోటితోనే అమ్ముతన్నాను. ఏ ఒక్కడికైనా అరదం కాక ఉత్తి సేతుల్తో ఎల్లిపోనాడేమో అడుగు."

బేబీరాణి పొద్దుట్నుంచి బిగబట్టుకున్నది నవ్వుగానే బయటికి వచ్చింది. అప్పుడే తట్టమీద కప్పి ఉన్నదేమిటో చూసింది. చేపల నీళ్ళతో తడిసిన పుస్తకాల బీరువా.

"నీళ్ళు దిగవే, బలే ఉన్నాది," అంది కామమ్మ. "బజార్లో నా పక్కన కూకునే దానయ్య ఊరంతా సెప్పీసినాడు, కామమ్మ మౌసీ కితాబులు అమ్ముతందని. ఆ బొమ్మలు సూసి ఇద్దరు టూరిస్టులు ఆగినారు. ఆలకి రెండు ముక్కలు అమ్మినాను."

*

హోంవర్క్ పేపర్లకు పేర్లుండవు, నంబర్లుంటాయి. బుధవారం నాడు ఆమె వాటిని మొదలుపెట్టింది. ఎవరో ఒకరు, ఎక్కడో ఒకచోట, ఇంగ్లీషుతో పెనుగులాడిన కాగితాలు. 'నేను లైట్ తెరిచాను' అని ఒకరు రాశారు. చైనీస్‌లో దీపాన్ని తెరుస్తారు కాబోలు అనుకుంది. మనం దీపాన్ని వేస్తాం. ఇంగ్లీషువాళ్ళు ఇంకేదో చేస్తారు. 'నేను మందు తిన్నాను' అని మరొకరు. దవాయి తినడం ఆమెకు హిందీలో చిన్నప్పట్నుంచీ అలవాటే. ప్రతి తప్పు వెనకా ఒక ఇల్లు కనబడుతోంది ఆమెకు. తప్పు కొట్టేసి ఊరుకోకుండా పక్కన రెండు మాటలు రాసింది. "మీరు ఎందుకిలా రాశారో నాకు తెలుసు. ఇంగ్లీషులో మాత్రం ఇలా అంటారు." ఎవరూ రాయమనలేదు. అయినా రాసింది.

నాలుగున్నర అయ్యేసరికి ఆమె చూపు గడియారం మీదికి పోయింది. లేచి ముఖం కడుక్కుంది. ఎవరూ చూడరని గుర్తొచ్చి తుడుచుకోకుండానే వచ్చి కూర్చుంది. ఆ గంటసేపూ ఎన్ని పేపర్లు దిద్దిందో, వాటిలో ఏం దిద్దిందో ఆమెకు తర్వాత గుర్తులేదు.

గురువారం పొద్దున కొత్త కట్ట వచ్చింది. డగ్లస్ గారు ఇచ్చిన వ్యాసాంశం పైన ఉంది: 'మీకు అసౌకర్యం కలిగించిన హోటలు గురించిగానీ బస్సు గురించిగానీ ఫిర్యాదు ఉత్తరం రాయండి.'

నలభై ఒకటో నంబరు ఉత్తరం వానతో మొదలైంది.

'టుడే రెయిన్. ఐ యామ్ బస్ డ్రైవర్ థర్టీ ఇయర్. బస్ నో ప్రాబ్లమ్. ప్రాబ్లమ్ ఈజ్ టీచర్. టీచర్ బెటీ గో వేర్? నోబడీ సే. హీ ఈజ్ గుడ్ టీచర్.'

బేబీరాణి కుర్చీలో వెనక్కి వాలింది. టీచర్ బెటీని 'హీ' అనేది ఈ ప్రపంచంలో ఒక్కడే.

నలభై రెండు పొందికగా ఉంది, పేరాలు విడదీసి రాసింది. నర్సు రాసే రిపోర్టులా ఉంది. 'పేషెంటుకు నొప్పి ఎక్కడుందో నొక్కి చూసే డాక్టరు మంచి డాక్టరు. మా టీచరు నొక్కి చూస్తుంది. కొత్త సారు చాలా దయగలవాడు, తెరమీంచే నవ్వుతాడు.'

నలభై మూడులో మాటలకు చివరి అక్షరాలు చాలాచోట్ల లేవు. కొన్నిచోట్ల ఉన్న అక్షరాల్ని కొట్టేసి మళ్ళీ రాసింది. రాతకు తీసుకున్న కష్టమంతా కాగితం మీద కనబడుతోంది.

'న్యూ టీచర్ సే పర్ఫెక్ట్. ఐ సే ఫిష్ బో, హీ సే పర్ఫెక్ట్. ఐ యామ్ నాట్ పర్ఫెక్ట్. టీచర్ బెటీ సే అగైన్, అగైన్, అగైన్. ఐ వాంట్ అగైన్.'

బేబీరాణి ఆ అయిదు వాక్యాలూ మూడుసార్లు చదివింది. తర్వాత లేచి వంటింట్లోకి వెళ్ళి, గ్లాసుడు నీళ్ళు తాగి, వచ్చి కూర్చుంది.

వీటిని ఏం చెయ్యాలి? టీచర్లు విద్యార్థులతో సొంతంగా ఒక్క ముక్క మాట్లాడకూడదని రూలు. దిద్దేవాళ్ళు దిద్దడమే. వ్యాసాంశం తప్పారని సున్నా వేసి పంపితే కంపెనీకి ఏ ఇబ్బందీ ఉండదు. దాచేసుకుంటే ఆమెకు ఓదార్పు. కానీ ఆమె టీచరు. ఎదురుగా మూడు ఉత్తరాలున్నాయి, వాటిలో తప్పులున్నాయి.

ఆమె దిద్దడం మొదలుపెట్టింది. 'హీ' ని 'షీ' చేసింది. 'థర్టీ ఇయర్' కు చివర ఎస్ పెట్టింది. హ్వేయ్ వాక్యాల దగ్గరకు వచ్చేసరికి చెయ్యి ఆగింది. 'సే' ని 'సేస్' చెయ్యాలి. చేసింది. 'ఐ వాంట్ అగైన్' దగ్గర మాత్రం చాలాసేపు కూర్చుంది. వ్యాకరణం ప్రకారం అది నిలవదు. ఏం కావాలి మళ్ళీ? పాఠమా, టీచరా? చివరకు దాని కింద గీత గీసి, పక్కన 'దీన్ని ఇలాగే ఉంచండి. దీన్ని మించి ఎవరూ చెప్పలేరు' అని రాసింది.

చివర సూచనల గడి ఉంది. మూడింటిలోనూ ఒకే సూచన రాసింది. ఫిర్యాదు ఉత్తరం ఎలా ఉండాలో పుస్తకంలో ఉన్న సూచనే అది:

'ఫిర్యాదు బాగుంది. అయితే మీకు ఏం కావాలో చివర స్పష్టంగా అడగండి. ఫిర్యాదును టీచరుకు రాస్తే లాభం లేదు, దాన్ని సరిచెయ్యగల వాళ్ళకే పంపాలి. తిరగరాయండి.'

నొక్కి పంపేసింది. వెనక వరండాలోంచి కామమ్మ, "ఏటే, అన్నం తినవా? సల్లారిపోతంది," అని కేకేసింది. ఎందుకోగానీ ఆ పూట రెండుసార్లు వడ్డించుకుని తిన్నది.

*

శుక్రవారం మధ్యాహ్నం ఆమె అబర్డీన్ బజార్లో ఇయర్‌ఫోన్లు బాగుచేయిస్తోంది. ఫోన్ మోగింది. వీరేంద్ర. ఈసారి హిందీలో మొదలుపెట్టి హిందీలోనే ఉండిపోయాడు.

"బెటీజీ, తైపేలో పెద్ద ఆఫీసుకు మూడు ఉత్తరాలు వెళ్ళాయి."

"అలాగా సార్?"

"అలాగా అనకండి. రెండో లెవెల్ విద్యార్థులు రాసినవి. ఒక్క తప్పు లేదు. ఒక్కటి ఉంది, 'ఐ వాంట్ అగైన్' అని. మా డైరెక్టర్ మేడమ్ అది మీటింగులో చదివి వినిపించిందట. అయిదేళ్ళుగా ఈ కంపెనీలో ఇంత మంచి ఇంగ్లీషు ఎవరూ రాయలేదు, ఈ విద్యార్థుల టీచరెవరని అడిగిందట." అతను గొంతు తగ్గించాడు. "దిద్దినది ఎవరో నేను చూశాను. సూచన కూడా చదివాను."

బేబీరాణి కొట్టు అరుగుమీద కూర్చుండిపోయింది. బస్సులు, కొబ్బరి బొండాల బండి, ఎవరో చౌల్దారీ నుంచి తెచ్చిన అరటి గెలలు, అన్నీ ఆమె ముందు నుంచి కదిలిపోతున్నాయి.

"తప్పు చేశానా సార్?"

"పుస్తకంలో ఉన్నదే రాశారు. నేనేం తప్పు పట్టను?" వీరేంద్ర నవ్వాడు. ఆమె అతని నవ్వు వినడం అదే మొదలు. "నిన్న రాత్రి ఆ రికార్డింగ్ మళ్ళీ విన్నాను. ఈసారి మొత్తం. బాల్ అంది ఆవిడ. మా ఆఫీసులో మొదటి ఏడాది నన్ను 'ఇస్కూల్ బాబూ' అని పిలిచేవాళ్ళు, తెలుసా? స్కూల్ అనడం రాక. అప్పుడు నాకెవరూ మళ్ళీ అనమని చెప్పలేదు. క్లాసు మీదే. ఆదివారం పొద్దున ఎనిమిదిన్నరకు అడుగుతున్నారు. వాళ్ళ కొట్టులో నుంచట. వస్తారా?"

"వస్తాను. కానీ సార్, నా పేరు బేబీరాణి."

"తెలుసు. ఫైల్లో ఉంది."

"పోర్ట్ బ్లెయిర్ నుంచి చెబుతున్నానని చెబుతాను."

"చెప్పండి," అన్నాడు. "ఆ గుడ్డ మాత్రం..."

"అది మా అమ్మ చేపలమీద కప్పుకుంటోంది సార్. వాసన వదలదు."

"ఠీక్ హై, దీదీ," అన్నాడు వీరేంద్ర. బెటీజీ అనలేదు.

*

ఆదివారం జంగ్లీఘాట్‌లో ఎండ కాసింది. కీలుంగ్‌లో వాన లేదన్నది లిన్ గారు ఇంటి నుంచి మొట్టమొదట చెప్పిన మాట. మేయ్‌ఫాంగ్ డ్యూటీ దిగి, యూనిఫాంలోనే కొట్టుకు వచ్చింది. హ్వేయ్ తన ఫోన్‌ను సాస్ సీసాకు ఆనించి కౌంటరు మీద నిలబెట్టింది. తెరనిండా ఆవిరి, దాని వెనక ఆమె ఎర్ర ఏప్రన్. ఆ వెనక, వీధి చివర, ఇళ్ళకంటే ఎత్తుగా తెల్లటి ఓడ.

"నా పేరు బేబీరాణి," అంది బేబీరాణి. "మాది అండమాన్."

"బే-బీ-రా-ణి," అంది హ్వేయ్. "అగైన్?"

"అగైన్."

"బేబీరాణి." హ్వేయ్ గరిటె పైకెత్తి దండం పెట్టినట్టు ఊపింది. కామమ్మ బజారుకు వెళ్ళడం మానేసి కూతురి పక్కన స్టూలు వేసుకుని కూర్చుంది. ఇవాళ అమ్మకం ఎలా జరుగుతుందో చూడకపోతే ఆమెకు నిద్ర పట్టదు.

మొదటి జంట వచ్చింది. గొడుగు టోపీ పెట్టుకున్న ముసలాయన, ఆయన భార్య. ఆమె గిన్నెలోకి వంగి ఇదేమిటని అడిగింది.

హ్వేయ్ కళ్ళు మూసుకోబోయి మానేసింది. "ఫిష్ బాల్," అంది.

"ఓ, ఫిష్ బాల్స్!" అంది భార్య.

అంతే. ఒక్క మాట దాటింది. బేబీరాణి గుప్పిట ఒళ్ళో దానంతటదే మూసుకుంది. ముసలాయన ఇంకేదో అడిగాడు. కారంగా ఉంటుందా అని. అది పాఠంలో లేదు. బేబీరాణి చెప్పబోయి నోరు మూసుకుంది, ఆమె మాట కొట్టులో అందరికీ వినబడుతుంది.

హ్వేయ్ ఒక్క క్షణం ఆలోచించింది. తల అటూ ఇటూ అడ్డంగా ఊపింది, అవునూ కాదూ రెండూ అయ్యేలా. "లిటిల్ లిటిల్ స్పైసీ, నో?" అంది, చివర్లో గొంతు పైకి లేపి. "ఫస్ట్ యూ టేస్ట్. దెన్ యూ టెల్ మీ."

ముసలాయన పుల్లకు గుచ్చిన ఉండ నోట్లో వేసుకున్నాడు. కళ్ళు పెద్దవి చేశాడు. నవ్వుతూ భార్య భుజం తట్టి, వెనక వస్తున్నవాళ్ళను చెయ్యి ఊపి పిలిచాడు. ఇద్దరు వచ్చారు, నలుగురు వచ్చారు. హ్వేయ్ తల అడ్డంగా ఊగుతూనే ఉంది. "కమ్ కమ్, ప్లేస్ ఈజ్ దేర్! వై యూ స్టాండ్? హాట్ హాట్ సూప్, నో?"

బేబీరాణి చెవులప్పగించి వింటోంది. ఆ 'టేస్ట్' లో నాలుక మడతపడి పలికిన 'ట' ఎవరిది? ఆ 'నో' ఎవరిది? ఏ పుస్తకంలోనూ ఆ వాక్యాలు లేవు. తను ఏ రోజూ వాటిని పాఠంగా చెప్పలేదు. కాఫీ తాగుతూ, నవ్వుతూ, దగ్గుతూ, మధ్యమధ్యలో తను అనేసిన మాటలే అవన్నీ. క్వాలిటీ వాళ్ళు వింటే పేజీ నిండా ఎర్రసిరా పడుతుంది. కీలుంగ్ వీధిలో మాత్రం జనం ఆ మాటలు విని నిలబడిపోతున్నారు.

కామమ్మ మోచేత్తో పొడిచింది. "బేబీ, ఆయమ్మ ఏ బాస మాటాడతంది?"

"ఇంగ్లీషమ్మా."

"కాదే." కామమ్మ మొహం తెరకు దగ్గరగా పెట్టి శ్రద్ధగా వింది. "మన జంగ్లీఘాట్‌లో అమ్ముతున్నట్టే ఉన్నాది."

హ్వేయ్‌కి ఇప్పుడు ఫోన్ వంక చూసే తీరిక లేదు. ఒకసారి ఆమె మోచెయ్యి తగిలి సాస్ సీసా జరిగింది, ఫోన్ పక్కకు ఒరిగింది. ఇక తెరమీద కనబడేది గరిటె పిడి, కాస్త ఆకాశం. లిన్ గారు తన గడిలో కుర్చీకి చేరగిలబడి సంతోషంగా వింటున్నాడు. క్లాసు సమయం దాటి చాలాసేపయింది. టీచరును ఎవరూ ఏమీ అడగడం లేదు.

బేబీరాణి కాల్ కట్ చెయ్యలేదు. తన వైపు మైకు మాత్రం ఆపేసి, కంప్యూటర్ మీది కాల్‌ను తన ఫోన్‌లోకి మార్చుకుని, ఫోన్‌ను కిటికీలో నిలబెట్టింది. వరండాలోకి వెళ్ళి, అప్పటికే కత్తిపీట ముందు చేరిన తల్లి పక్కన కూర్చుని చేప పొలుసు గీకుతూ, కీలుంగ్ గోలంతా వింటూ ఉండిపోయింది.